చెలకలో గునుగు ఉండాల్నా, పీకాల్నా?

వ్యాఖ్యాత: నమస్కారం. వానాధారపు చెలకల్లో విత్తకుండానే మొలిచే మొక్కల మీద ఈ పూట మాట్లాడుకుందాం. వ్యవసాయ శాస్త్రవేత్త మేడం మనతో ఉన్నారు. మొదటి ఫోను కల్వకుర్తి దిక్కు నుంచి. చెప్పండన్నా.

రైతు: నమస్తే మేడం. నాది మూడెకరాల ఎర్ర చెల్క. సగం జొన్న, కంది కలిపి ఏసిన, సగం పత్తి. గునుగు జానెడు లేసింది. కైకిలోళ్లు దొరుకుతలేరు. గడ్డిమందు కొడదామంటే మా అమ్మ ఒప్పుకుంటలేదు. బతుకమ్మకు పువ్వు యాడికెళ్లి తెస్తవ్ర అంటది.

మేడం: అమ్మకు నా దండం చెప్పండి. విత్తి ఎన్ని రోజులైంది?

రైతు: ఇరవై ఐదు రోజులుంటది.

మేడం: అయితే ఆలస్యం చేయకండి. జొన్నకు మొదటి 30, 40 రోజులే కీలకం, అప్పుడు గునుగు తాగిన తేమ పైరుకు మళ్లీ రాదు. సాళ్ల మధ్య దంతె తోలండి, మొదళ్ల దగ్గరివి చేత్తో పీకండి. లేత గునుగు కదా, పారేయకండి, కూరకొస్తది. ఇంతకీ పత్తిలో ఏ మందు కొడదామనుకున్నారు?

రైతు: గ్లైఫోసేట్ అన్నడు దుకాణపాయన.

మేడం: పత్తిలో దానికి అనుమతే లేదన్నా. దాన్ని తట్టుకుంటదని అమ్మే పత్తి గింజకూ లేదు. మామూలు పత్తి మీద పడితే గునుగు కంటే ముందు మీ పత్తే మాడుతది.

రైతు: మరి గెట్టు మీది గునుగు? ఉంచితే గింజ మళ్ల చేన్ల పడదా?

మేడం: పడ్తది, అబద్ధం చెప్పను. గునుగు కంకిని దగ్గర పెట్టుకొని చూడండి. కొసకు గులాబీ రంగు, కింద తెలుపు. ఆ తెల్లబడ్డ చోట అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాల్తయి. పైన ఇంకా పూస్తుండగానే కింద పండిపోతదన్నమాట. అందుకే చేను వైపువి తెల్లబడక ముందే కోసేయండి. బాట వైపువి అమ్మకు వదిలేయండి.

వ్యాఖ్యాత: కూర, పువ్వు తప్ప వీటితో ఇంకేం లాభం మేడం?

మేడం: కూర, పువ్వు తక్కువైనయా సార్? తుమ్మికూర లేకుండా మనకు వినాయక చవితి పూట గడుస్తదా? సరే, పైరు సంగతే చూద్దాం. కంది పూతకొచ్చేదాకా తేనెటీగలకు గెట్టు మీది తుమ్మిపూలూ ఒక ఆధారం. పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి చంపే సన్న కందిరీగలకూ తేనె కావాలి. వెంపలి, పిల్లిపెసర వేళ్లను పీకి చూస్తే బుడిపెలుంటయి, గాలిలోని నత్రజనిని పట్టేది అవే. ఇంకోటి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌ పంటల పరిశోధన కేంద్రంలో పుట్టిన హైబ్రిడ్ కంది ఐసీపీహెచ్ 2671కు మగ గొడ్డుతనం, అంటే పుప్పొడి పనిచేయని గుణం, కావాల్సి వచ్చింది. ఆ గుణం వచ్చింది ఒక అడవి కంది జాతి నుంచి. అది మన గెట్టు మీది మొక్క కాదు గానీ, దాన్నీ ఎవరో ఒకరు పిచ్చి మొక్కే అనుకొని ఉంటారు.

వ్యాఖ్యాత: దేవరకొండ దగ్గరి నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు.

మహిళ: నమస్తే మేడం. మా గెట్టుకు రెండేండ్లు మందు కొట్టినం. ఇప్పుడు వయ్యారిభామ తప్ప ఇంకోటి లేస్తలేదు. గంగవాయిలి కూర కొనుక్కునే గతి పట్టింది.

మేడం: బోసి నేల కనబడితే వయ్యారిభామకు పండగే అక్కా. మీరు వేరుశనగ వేస్తరా?

మహిళ: యాసంగిల ఏస్తం.

మేడం: అయితే వయ్యారిభామను మాత్రం ఉంచొద్దు. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్‌కు ఇల్లు ఈ మొక్కే. దాని పుప్పొడి ఆకుల మీద పడుతది, తామర పురుగులు గీకినప్పుడు వైరస్ లోపలికి పోతది. పూత రాకముందే, వాన పడ్డ తెల్లారి, చేతులకు గుడ్డ చుట్టుకొని వేరుతో పీకండి. మందు కొట్టిన గెట్టు కూర ఇప్పుడైతే తెంపకండి.

మహిళ: మరి గంగవాయిలి మళ్ల వస్తదా?

మేడం: గింజ మట్టిలో ఏండ్ల తరబడి చావకుండా ఉంటది. మందు ఆపి, మన్ను కొద్దిగా కదిలించి చూడండి. రాకపోతే కాయ కాసిన రెండు చెట్లు తెచ్చి దులపండి.

మహిళ: మా ఆడబిడ్డ చేన్ల మస్తుంది. పండక్కి పోయినప్పుడు పట్టుకొస్త.

వ్యాఖ్యాత: అచ్చంపేట నుంచి ఇంకో ఫోను... హలో? లైన్ కట్టయింది. మళ్లీ చేయండన్నా, వింటున్నాం.