పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

మానవజాతి చేసిన పెద్ద పెద్ద తప్పుల గురించి, కాస్త నవ్వు పుట్టేలా మాట్లాడమని గ్రంథాలయం వాళ్లు అడిగారు. ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. యుద్ధాలు, మునిగిన ఓడలు, కూలిన వంతెనలు అన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకని ఒక్క రకం తప్పునే పట్టుకున్నాను. ఒక ప్రాణి బెడద వదిలించుకోవడానికి ఇంకో ప్రాణిని తెచ్చి పెట్టుకోవడం, లేదంటే ఒక ప్రాణిని ఈ నేల మీద లేకుండా చేసేద్దామనుకోవడం. ముప్ఫై ఏళ్లు బడిలో బయాలజీ చెప్పిన మనిషిని, ఈ కథలంటే నాకు చాలా ఇష్టం.

కౌపీనం కథ మీకందరికీ తెలుసు. సన్యాసి గోచీని ఎలుక కొరికింది. ఎలుక కోసం పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుకు గడ్డి కోసం పొలం, పొలం పనికి మనిషి, చివరికి ఇల్లు, పెళ్లాం, పిల్లలు. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః! మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు ఇలా ఎక్కడైనా జరుగుతుందా అని నవ్వేవాణ్ణి. 1872లో జమైకా దీవిలో జరిగింది. అక్కడివి చెరకు తోటలు. చెరకునంతా ఎలుకలు కొరికి పారేస్తున్నాయి. ఒక తోట యజమాని కోల్‌కతా నుంచి తొమ్మిది ముంగిసలను ఓడలో తెప్పించుకున్నాడు. మన ముంగిసలే, మన పొలం గట్ల మీద తిరిగేవే. మొదట్లో అవి బాగానే ఎలుకల్ని పట్టాయి. ఆ మాట చుట్టుపక్కల దీవులన్నిటికీ పాకి, అందరూ ముంగిసలు కావాలన్నారు. 1883లో జమైకా నుంచి హవాయి చెరకు తోటలకు కూడా తీసుకెళ్లారు.

హవాయి వాళ్లు ఒక్క ప్రశ్న వేసుకుని ఉండాల్సింది. ఎలుక ఎప్పుడు తిరుగుతుంది? రాత్రిపూట. మరి ముంగిస? పగటిపూట. ఎలుకది నైట్ డ్యూటీ, ముంగిసది డే డ్యూటీ. రెండూ ఎదురుపడేది ఎప్పుడు? చెరకు తోటలో కాపలా పడుకునే పాలేరుని అడిగినా చెప్పేవాడు. ఎలుకలు దొరక్కపోతే ముంగిస పస్తులుంటుందా? కోళ్లను పట్టింది, తాబేళ్ల గుడ్లు తవ్వుకు తింది, నేల మీద గూడు కట్టుకునే పక్షుల గూళ్లన్నీ ఖాళీ చేసింది.

ఆ పక్షుల్లో హవాయికే సొంతమైన బాతు ఒకటుంది. దాని పేరు వింటే మీకు నవ్వొస్తుంది, ‘నేనే’. నిజంగా అదే పేరు. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాతి పేజీలో, వేటగాళ్ల వల్లా ముంగిసల్లాంటి కొత్త ప్రాణుల వల్లా 1950 నాటికి అడవిలో అవి ముప్ఫై దాకా మాత్రమే మిగిలాయని ఉంది. నవ్వు ఆగిపోయింది. తర్వాత వాటిని కాపాడి, పెంచి, మళ్లీ అడవిలో వదిలారు. అదొక్కటే సంతోషం. హవాయి దీవుల్లోనే ఒకటైన కవాయిలో మాత్రం ముంగిసలు స్థిరపడలేదు. రేవులో దింపుతుండగా పెట్టెలోని ముంగిస ఒక కూలీ వేలు కొరికిందనీ, ఆయనకు ఒళ్లు మండి పెట్టెను సముద్రంలోకి తోసేశాడనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. అది నిజమైతే ఆ దీవిని కాపాడింది ఆ కూలీ కోపమే.

మనం జమైకాకు ముంగిసను పంపిస్తే జమైకా నుంచి మనకేం వచ్చిందో తెలుసా? సర్కారు తుమ్మ. వంటచెరకు కరువు తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు 1877లో అక్కడి నుంచి విత్తనాలు తెప్పించి, కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. సర్కారు తెచ్చింది కాబట్టి మనవాళ్లు సర్కారు తుమ్మ అన్నారు. దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు ఇష్టంగా తింటాయి, విత్తనాలు మాత్రం అరగవు. మేక ఎక్కడ పెంటిక వేస్తే అక్కడ తుమ్మ మొక్క. కొట్టేస్తే మొదలు దగ్గర నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. చెరువు గట్లు, బీళ్లు, కాలవ గట్లు అన్నీ అదే. ముల్లు దిగితే ఎంత సలుపుతుందో మీలో సగం మందికి అనుభవమే. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ కట్టెలతోనే ఎన్నో పేద ఇళ్లలో పొయ్యి వెలిగింది, ఆ బొగ్గు కాల్చి బతికిన కుటుంబాలు ఉన్నాయి. అందుకే దాన్ని ఉత్త తప్పు అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు పిచ్చుక దగ్గరికి వస్తాను. మన ఊళ్లలో కోతలవగానే వరి కంకులు కుచ్చుగా అల్లి చూరుకు వేలాడగట్టేవాళ్లు, గుళ్లలోనూ కట్టేవాళ్లు. పిచ్చుకల వాటా అది. ఇవాళ వచ్చేటప్పుడు ఒక కుచ్చు తెచ్చి ఈ వరండాలో కట్టాను, వెళ్లేటప్పుడు చూడండి.

1958లో చైనాలో మావో ప్రభుత్వం నాలుగు పీడలను నిర్మూలించాలని ఉద్యమం మొదలుపెట్టింది. ఎలుకలు, ఈగలు, దోమలు, నాలుగోది పిచ్చుక. ధాన్యం తింటుంది కాబట్టి అది దేశానికి శత్రువు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనం మాటవరసకు అంటాం. వాళ్లు నిజంగానే వేశారు. ఆ ఏప్రిల్‌లో బీజింగ్ నగరమంతా మూడు రోజులు మేడల మీదికెక్కింది. బడిపిల్లలు, గుమాస్తాలు, ముసలమ్మలు అందరూ పళ్లేలు, బిందెలు, డప్పులు పట్టుకుని వాయించారు. పిచ్చుక ఎక్కడా వాలకూడదు. వాలబోతే చప్పుడు, ఎగిరితే ఇంకో మేడ మీద చప్పుడు. ఎగిరి ఎగిరి, అలసి, గాల్లోంచి రాలిపడి చచ్చిపోయాయి. ఒక్కసారి ఊహించుకోండి. ఒక మహానగరం పనులన్నీ మానుకుని, చారెడంత పిట్ట మీద మూడు రోజులు కంచాలు మోగించింది! ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని తర్వాత జరిగింది తెలుసు కాబట్టి ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

జెంగ్ జువోషిన్ అని ఒక పక్షి శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన వందల పిచ్చుకల కడుపులు కోసి చూశాడు. పెద్ద పిచ్చుకలు ధాన్యం తినేమాట నిజమే. కానీ గూట్లో పిల్లలున్నప్పుడు వాటి నోటికి అందించేది పురుగులు. పిచ్చుక పిల్ల మెత్తని పురుగు తిని పెరుగుతుంది. అంటే పైరు మీది పురుగుల్ని రోజంతా ఏరేది కూడా పిచ్చుకే. ఆయన మాటల్ని పట్టించుకునేసరికి రెండేళ్లు గడిచాయి. 1960లో పిచ్చుక పేరు కొట్టేసి ఆ జాగాలో నల్లుల పేరు రాశారు. మంచంలోని నల్లి వచ్చి పిచ్చుకకు ప్రాణభిక్ష పెట్టింది.

అప్పటికే పొలాల మీద పురుగులు పెరిగిపోయాయి. 1959 నుంచి 1961 దాకా చైనాలో వచ్చిన కరువులో కోట్ల మంది ఆకలితో చనిపోయారు. ఆ పాపమంతా పిచ్చుకలు లేకపోవడం వల్లే అంటే అబద్ధమవుతుంది. లేని పంటను ఉందని చూపించిన లెక్కలు, రైతు గాదె ఊడ్చి తీసుకెళ్లిన ధాన్యం, సొంత పొలం లాక్కుని పెట్టిన కమ్యూన్లనే ఉమ్మడి సేద్యాలు, ఇవి అసలు కారణాలు. పిచ్చుక వాటికి తోడైంది. ఇక్కడ మాత్రం నేను నవ్వలేను, మిమ్మల్ని నవ్వించాలనీ లేదు. జెంగ్‌గారిని తర్వాత సాంస్కృతిక విప్లవం రోజుల్లో, పిచ్చుకను వెనకేసుకొచ్చాడని దోషిగా నిలబెట్టారు. రకరకాల పక్షుల రెక్కలూ తోకలూ అతికించి ఒక బొమ్మ పక్షిని తయారుచేసి, ఇదేం పక్షో చెప్పమని పరీక్ష పెట్టారు. అలాంటి పక్షి లోకంలో లేదు కదా, ఏం చెప్తాడు? పరీక్ష తప్పాడన్నారు. బడిపంతుల్ని కాబట్టి ఈ ముక్క చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. సరైన జవాబు తెలిసిన మనిషికి తప్పుడు ప్రశ్నపత్రం ఇచ్చారు.

కాసేపు ఆస్ట్రేలియా వెళ్దాం, గాలి మారుతుంది. 1859లో ఒకాయన వేట సరదాకు ఇంగ్లండ్ నుంచి రెండు డజన్ల కుందేళ్లు తెప్పించుకున్నాడు. అవి దేశాన్ని కప్పేశాయి. పడమటి వైపు 1,800 కిలోమీటర్ల పైచిలుకు పొడవున కంచె వేస్తుంటే, పని పూర్తికాకముందే కుందేళ్లు అవతల తేలాయి. 1932లో ఈమూ పక్షులు గోధుమ చేలమీద పడి, ఆ కంచెను కూడా చింపితే, సైన్యం మెషిన్ గన్లతో దిగింది. వేల తూటాలు కాల్చారు. గన్నును లారీకి కట్టుకుని వెంటపడితే, లారీ ఆ గతుకుల నేల మీద పక్షుల్ని అందుకోలేకపోయింది. సైన్యం వెనక్కి వచ్చేసింది. యుద్ధంలో గెలిచిన పక్షి అది.

మూడేళ్ల తర్వాత, 1935లో, అదే దేశంలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు చెరకు రైతుల కోసం హవాయి నుంచి వంద దాకా కప్పలు వచ్చాయి. ముంగిసల దెబ్బ తిన్న హవాయి నుంచే! పెద్ద కప్పలు అవి, చెవుల వెనక విషపు గ్రంథులుంటాయి. చెరకు వేర్లు తినేసే వేరు పురుగును పట్టి తింటాయని ఆశ. కానీ వేరు పురుగు ఉండేది మట్టి లోపల. అది పెరిగి పెంకు పురుగయ్యాక ఎగిరి ఆకుల మీద, చెట్ల మీద వాలుతుంది. కప్ప మట్టి తవ్వదు, గడ ఎక్కదు. మన అనకాపల్లి చెరకు రైతు ఎవరైనా అక్కడుంటే, చేలో నిలబడి ఒక్క నిమిషంలో తేల్చేసేవాడు.

చెప్పినవాడు అక్కడా ఒకడున్నాడు. వాల్టర్ ఫ్రాగట్ అనే కీటక శాస్త్రవేత్త. ఇంటిపేరులోనే ఫ్రాగ్ ఉంది చూడండి! ఈ కప్ప కుందేలంత పీడ అవుతుందని ఆయన గట్టిగా రాశాడు. ప్రభుత్వం కొన్ని నెలలు ఆపింది కూడా. మళ్లీ 1936లో వదలమంది. ఒక్కో కప్ప ఒక్కో విడతకు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఇవాళ అవి ఇరవై కోట్లు దాటి ఉంటాయని అంచనా. పాములు, ఉడుములు, పిల్లి అంతుండే క్వోల్ అనే జంతువు, ఏది ఆ కప్పను నోట కరిచినా విషానికి చచ్చిపోతోంది. చెరకు పురుగులు మాత్రం చెరకు మీదే ఉన్నాయి.

ఆ మధ్య అక్కడి పడమటి వైపు ఒక వాగు ఒడ్డున కప్పలు చచ్చి పడుంటే శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. ఒక్కో కప్ప ఛాతీ మీద చిన్న గాటు, ఎవరో డాక్టరు కత్తితో కోసినట్టు. లోపల గుండె, కాలేయం లేవు. విషం ఉన్న చర్మం, గ్రంథులు అలాగే వదిలేసి ఉన్నాయి. ఎవరి పనో కనిపెట్టడానికి కెమెరాలు పెట్టారు. ఆ దేశానికే సొంతమైన రాకాలి అనే నీటి జంతువు అది. కప్పను తిరగేసి, ఏది తినాలో ఏది తినకూడదో చూసుకుని, అంతవరకే తిని వెళ్లిపోతోంది. అప్పటికి కప్పలు ఆ వైపుకు వచ్చి కొన్నేళ్లే అయింది, ఆలోపే అది నేర్చేసుకుంది. తమాషా ఏమిటంటే, ఆ రాకాలి ఒక ఎలుక.