అమెరికాలో మనవాళ్లు అరెస్టయితే కౌంటీ జైలు రికార్డులో వెతకడం ఎలా?

అందరికీ నమస్కారం. ఈ వీడియో టెక్సాస్‌లో పిల్లలున్న అమ్మానాన్నల కోసం, అక్కడ ఆ పిల్లలతో కలిసి ఉంటున్న రూమ్మేట్స్ కోసం. "మావాణ్ణి పోలీసులు తీసుకెళ్లారట, ఫోన్ స్విచాఫ్ వస్తోంది" అని తెలిశాక ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. డల్లాస్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు మొదలవుతాయి. మనకు మధ్యాహ్నమైతే వాళ్లకు అర్ధరాత్రి దాటి ఉంటుంది, ఎవరూ ఎత్తరు. అలాంటప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే, పైసా ఖర్చు లేకుండా, ఆ పిల్లాడు ఏ జైల్లో ఉన్నాడో, ఏ కేసు పెట్టారో చూసుకోవచ్చు.

ఎందుకంటే అక్కడ అరెస్టు అనేది రహస్యంగా జరగడానికి లేదు. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ ప్రకారం పోలీసులు దర్యాప్తు వివరాలు కొన్ని దాచుకోవచ్చు గానీ, ఎవరిని అరెస్టు చేశారు, ఏ నేరం కింద చేశారు అనే ప్రాథమిక సమాచారం మాత్రం అడిగినవాళ్లకు ఇవ్వాల్సిందే. దీనివల్ల పోలీసులు తీసుకెళ్లిన మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లు తెలుసుకోవచ్చు. మన దేశంలోనూ బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 37వ సెక్షన్‌లో ఇలాంటిదే చెబుతుంది. అరెస్టయినవాళ్ల వివరాలు ప్రతి పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనబడేలా పెట్టాలని.

సరే, వెతకడం ఎక్కడ? టెక్సాస్‌లో అరెస్టయినవాళ్లను ఉంచే జైలు సాధారణంగా కౌంటీది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దాన్ని నడిపేది షెరీఫ్, అంటే ఆ కౌంటీ పోలీసు అధికారి. కాబట్టి ముందు కౌంటీ ఏదో తేల్చుకోవాలి. పిల్లాడి ఇంటి అడ్రసు చూసి వెతికితే దొరక్కపోవచ్చు, అరెస్టు ఎక్కడ జరిగిందో అదే ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి. ఊరు ఒకటే, కానీ కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ కౌంటీ జైలు మెకిన్నీలో, డెంటన్ కౌంటీది డెంటన్‌లో. అర్వింగ్‌లో పట్టుకుంటే డల్లాస్ కౌంటీ, అంటే డౌన్‌టౌన్ దగ్గరున్న లూ స్టెరెట్ జైలు. అనుమానంగా ఉంటే పక్క కౌంటీలు కూడా చూసేయండి.

కౌంటీ వెబ్‌సైట్‌లో షెరీఫ్ పేజీకి వెళ్తే జైల్ సెర్చ్ అనో, ఇన్మేట్ లుకప్ అనో ఉంటుంది. గూగుల్‌లో కొడితే పైన వచ్చేవి చాలావరకు ప్రైవేటు సైట్ల యాడ్లు. పేరు కొట్టగానే "రికార్డు దొరికింది" అని ఊరించి క్రెడిట్ కార్డు అడుగుతాయి. కార్డు అడిగిన సైట్‌ని అక్కడికక్కడే మూసేయండి.

ఇప్పుడు అసలు చిక్కు, మన పేర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, పెట్టిన పేరు మూడు ముక్కలుగా ఇంకో గడిలో ఉంటాయి. వెంకట సాయి కృష్ణ అనే అబ్బాయిని మనం కృష్ణ అంటాం. జైలు రికార్డులో మొదటి పేరు వెంకట అని ఉంటుంది, మిగతావి మిడిల్ నేమ్‌లోకి పోతాయి, ఒక్కోసారి అసలు ఉండవు. ఇంకొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద పేరంతా ఇంటిపేరు గడిలోకి ఎక్కించి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. జైలు రికార్డులోనూ అదే పడొచ్చు. అందుకని ముందు ఇంటిపేరు ఒక్కటే కొట్టి చూడండి. రాకపోతే మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టండి, కొన్ని సైట్లు దానికీ చూపిస్తాయి. ఆ తర్వాత ఇంటిపేరు, మొదటి పేరు తిరగేసి కొట్టండి. పాస్‌పోర్టు కాపీ దగ్గర పెట్టుకుంటే స్పెల్లింగ్ దగ్గర తడబడరు. ఒకే పేరుతో నలుగురు కనిపిస్తే పుట్టిన తేదీ లేదా వయసు చూసి తేల్చుకోండి, పేరు కలిసింది కదా అని కంగారు పడొద్దు.

అయినా రాలేదంటే కొన్ని గంటలు ఆగండి. ఊరి పోలీసులు ముందు తమ సిటీ జైల్లో ఉంచి, తర్వాత కౌంటీకి పంపుతుంటారు. వేలిముద్రలు, ఫొటో, ఆరోగ్యం గురించి ప్రశ్నలు, ఈ బుకింగ్ అంతా పూర్తయితే గానీ పేరు ఎక్కకపోవచ్చు. ఈలోపు జైలుకు ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ చెప్పి అడగొచ్చు, తప్పేం లేదు. 17 నిండని పిల్లల పేర్లు మాత్రం సాధారణంగా ఈ సైట్లలో ఉండవు.

రికార్డు దొరికాక మొదట బుకింగ్ నంబరు రాసుకోండి. లాయరుకు, బాండ్ (అంటే బెయిలు పూచీ సొమ్ము) కట్టడానికి, జైలు నుంచి ఫోన్ చేసుకునే అకౌంట్‌లో డబ్బులు వేయడానికి అన్నిటికీ అదే అడుగుతారు. బాండ్ దగ్గర సున్నా ఉందంటే ఊరికే వదిలేస్తారని సంబరపడొద్దు, ఇంకా బాండ్ నిర్ణయించలేదని కావచ్చు. టెక్సాస్‌లో అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, బాండ్ సంగతి అక్కడే తేలుతుంది. ఇమిగ్రేషన్ హోల్డ్ (అంటే వదిలేముందు తమకు అప్పగించమని ఇమిగ్రేషన్ వాళ్లు జైలుకు పెట్టిన కోరిక) అని కనిపిస్తే బాండ్ డబ్బులు కట్టే ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. కౌంటీ వదిలినా అక్కణ్ణుంచి ఐసీఈ (ICE, అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు) వాళ్లు తీసుకెళ్లే అవకాశం ఉంది. అప్పుడు కౌంటీ సైట్‌లో పేరు మాయమవుతుంది, ఐసీఈ వాళ్ల డిటెయినీ లొకేటర్‌లో, అంటే వాళ్ల నిర్బంధంలో ఉన్నవాళ్లను వెతికే సైట్‌లో చూడాలి. అక్కడ పేరు రికార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి, పుట్టిన దేశం కూడా ఇవ్వాలి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ ఫేక్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు, వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. అలాంటి ఇమిగ్రేషన్ అరెస్టులకు కూడా వెతకాల్సింది ఆ లొకేటర్‌లోనే.

ఇంకో మాట. ఈ రికార్డు మీకు కనిపించినట్టే మోసగాళ్లకూ కనిపిస్తుంది. పేరు, కేసు, బుకింగ్ నంబరు అన్నీ కరెక్టుగా చెప్పి, "షెరీఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఇప్పుడే డబ్బు పంపిస్తే వదిలేస్తాం" అంటారు. గిఫ్ట్ కార్డులు అడిగితే అది ఖచ్చితంగా మోసమే. ఫోన్ పెట్టేసి, జైలు నంబరుకు మీరే చేసి కనుక్కోండి. జైలు నుంచి పిల్లాడు ఫోన్ చేస్తే ఏం జరిగిందని అడగొద్దు, ఆ కాల్స్ రికార్డవుతాయి. "తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, లాయర్ని పెడుతున్నాం" అంతే చాలు. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అధికారులను అడిగే హక్కు తనకుందని కూడా చెప్పండి. వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ఆ హక్కు ఇచ్చింది.

నాకు చాలా బాధ కలిగించే విషయం వాట్సాప్ గ్రూపులు. ఎవరో ఒకరు అరెస్టయిన పిల్ల బుకింగ్ ఫొటో స్క్రీన్‌షాట్ తీస్తారు, అది మనవాళ్ల గ్రూపులన్నీ తిరిగి తెల్లారేసరికి ఊళ్లో పెదనాన్నగారి ఫోన్‌కి చేరుతుంది. ఆ పిల్ల ఇంకా మేజిస్ట్రేట్‌నైనా చూసి ఉండదు. ఆ రికార్డులో ఉన్నది పోలీసుల ఆరోపణ, కోర్టు తీర్పు కాదు. తర్వాత కేసు కొట్టేస్తే ఆ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు, సంబంధం చెడిపోయిన ఇల్లు అలాగే ఉండిపోతుంది. మనిషిని వెతుక్కోవడానికి ఉన్న రికార్డును పరువు తీయడానికి వాడకండి, దయచేసి. జైలు ఫొటోలు పెట్టి, తీసేయడానికి డబ్బులు గుంజే సైట్లున్నాయి కాబట్టే టెక్సాస్ 2013లో వాటి మీద చట్టం తెచ్చింది.

కేసు కొట్టేశాక కూడా అరెస్టు రికార్డు దానంతటది పోదు. అర్హత ఉంటే కోర్టులో ఎక్స్‌పంక్షన్‌కు, అంటే రికార్డు చెరిపేయమని పిటిషన్ వేయాలి, ఆర్డర్ వచ్చాక ఆఫీసులు తమ దగ్గరున్న రికార్డులు తీసేస్తాయి. కానీ వీసా కోసం నింపే డీఎస్ 160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, రికార్డు చెరిపేసినా అక్కడ నిజమే చెప్పాలి, ఆధారాలు అడిగితే చూపించాలి. అందుకని ఆ పిటిషన్ వేయకముందే కోర్టు క్లర్క్ దగ్గర కేసు కొట్టేసిన ఆర్డర్, ఛార్జ్ కాగితాలు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు సెట్లు తీసుకుని, ఒక సెట్ ఇండియాలో అమ్మానాన్నల దగ్గర పెట్టండి.