శుద్ధి కేంద్రం గోడ దాటాక

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో పొద్దున్నే గిన్నెలు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, టాయ్‌లెట్‌లో ఫ్లష్ కొట్టిన నీళ్లు ఎక్కడికి పోతాయో మనలో చాలామందికి పట్టదు. పీర్జాదిగూడ దాటి మూసీ ఒడ్డున కాస్త దూరం వెళ్తే తెలుస్తుంది. ఎండాకాలంలో కూడా అక్కడ పచ్చదనం తగ్గదు. అది పారా గడ్డి. దాన్ని కోసి, మోపులు కట్టి, నగరంలోని గేదెల కొట్టాలకు అమ్ముకుని బతికే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఇంకా కిందికి, పోచంపల్లి, వలిగొండ మండలాల వైపు వెళ్తే వరి పొలాలు వస్తాయి. నది మీద పాతకాలం నాటి కత్వలు, అంటే నీళ్లను ఆపి మళ్లించే చిన్న ఆనకట్టలు, వాటి నుంచి కాలువలు. వర్షం పడని నెలల్లో ఆ కాలువల్లో పారేది ముఖ్యంగా నగరం వదిలిన నీరే.

మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టేటప్పుడు పర్యావరణం మీద, జనం మీద పడే ప్రభావాన్ని ఎలా అంచనా వేస్తారు, ఎలా వెయ్యాలి అన్నది ఈరోజు మన విషయం. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. శుద్ధి కేంద్రం వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది దాని ప్రహరీ గోడ లోపల నిలబడి తేల్చలేం. మురుగు పుట్టిన ఇంటి దగ్గర మొదలుపెట్టి, శుద్ధి అయిన నీరు చివరికి చేరే పొలం దాకా ఆ నీళ్ల వెంటే వెళ్లాలి.

శుద్ధి కేంద్రాలు అక్కర్లేదని దీని అర్థం కాదు. కావాలి, చాలా కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల్లో రోజూ పుట్టే మురుగు 72,368 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. దీనికి కట్టిన కేంద్రాల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. అంటే సగానికి కూడా కేంద్రాలు లేవు. నిజంగా శుద్ధి అవుతున్నది మాత్రం 20,236 ఎంఎల్‌డీ. ఈ చివరి రెండు అంకెల మధ్య తేడా ఉందే, నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించేది అది. డబ్బు పెట్టి కట్టేశాం, రిబ్బన్ కత్తిరించాం, అయినా పూర్తిగా నడవడం లేదు. కొన్నింటికి మురుగు తెచ్చే పైపులైన్లు వెయ్యలేదు. కొన్నింటిలో యంత్రాలు పాడైతే బాగుచేసే డబ్బు ఉండదు, కరెంటు బిల్లు కట్టే స్తోమత మున్సిపాలిటీకి ఉండదు. కాబట్టి అంచనా నివేదికలో మొదట చూడాల్సింది దుమ్ము, చప్పుడు గురించిన పేజీలు కాదు. పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు నడుపుతారు, ఏ డబ్బుతో నడుపుతారు అన్న పేజీ ఉందా లేదా అన్నది.

హైదరాబాద్ సంగతికి వద్దాం. పాత కేంద్రాలు 25, వాటి సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. వాటిలో అన్నిటికన్నా పెద్దది అంబర్‌పేటది, 339 ఎంఎల్‌డీ. ఇవి సరిపోవని 2021లో మరో 31 కేంద్రాలకు అనుమతి ఇచ్చారు. వాటి సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ, ఖర్చు 3,866 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద పని అంటే దానికి ముందు పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అని మీరు అనుకోవచ్చు. చట్టం అలా చెప్పడం లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో ఫ్యాక్టరీల వ్యర్థజలాలను కలిపి శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్లు ఉన్నాయి గానీ, ఇళ్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు లేదు. 1974 నీటి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకుంటే చాలు. ఇది మంచి చేసే ప్రాజెక్టే కదా, దీనికి అధ్యయనం ఎందుకు అన్నది దాని వెనకున్న ఆలోచన కావచ్చు. మంచి చేసే ప్రాజెక్టు అందరికీ ఒకేలా మంచి చెయ్యదు, చిక్కంతా అక్కడే వస్తుంది.

ప్రపంచ బ్యాంకో, ఆసియా అభివృద్ధి బ్యాంకో అప్పు ఇస్తే మాత్రం కథ మారుతుంది. వాళ్ల నిబంధనల ప్రకారం అధ్యయనం చెయ్యాలి, ప్రభావం పడే జనంతో మాట్లాడాలి, వాళ్లకు అర్థమయ్యే భాషలో వివరాలు ఇవ్వాలి, ఫిర్యాదు చేసుకునే దారి చూపాలి. ప్రపంచ బ్యాంకు ప్రస్తుత నిబంధనలు 2018లో అమల్లోకి వచ్చాయి. అప్పు తెచ్చుకుంటేనే మన జనాన్ని మనం అడగాలా అని నాకు కాస్త సిగ్గుగా ఉంటుంది, ఆ మాట పక్కన పెడదాం.

భూమి సేకరించాల్సి వస్తే 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనం అడుగుతుంది. ఆ తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు దాని నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకున్నాయి. పైగా శుద్ధి కేంద్రాలకు ఎక్కువగా సర్కారు భూమే వెతుకుతారు. సర్కారు భూమి అంటే ఎక్కడ? చెరువు పక్కన, నాలా ఒడ్డున, పేదలు గుడిసెలు వేసుకున్న చోట. మురుగు పల్లానికే పారుతుంది కాబట్టి కేంద్రం పల్లంలో ఉండాలన్నది ఇంజినీరింగ్ అవసరం. అదే పల్లంలో వరద కూడా వస్తుంది. చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, కేంద్రం కడితే ఒక భారీ వానకు శుద్ధిలో మిగిలిన బురద అంతా మళ్లీ చెరువులోకే చేరుతుంది. వేరే స్థలాలు ఏమేం చూశారు, వాటిని ఎందుకు వద్దన్నారు అన్నది నివేదికలో రాయాలి. చాలాసార్లు స్థలం ముందే ఖాయమై, కారణాలు తర్వాత పుడతాయి.

కంపు సంగతి. దాని పక్కన ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆక్సిజన్ లేని మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. వెండి సామాను నల్లబడేలా చేసేది, ఏసీల్లోని రాగి గొట్టాలు తినేసేది కూడా అదే. మూసీ పక్క కాలనీల్లో ఉండేవాళ్లను అడగండి, ఇంకా వివరంగా చెబుతారు. కేంద్రం రాకముందు ఆ నాలా ఎంత కంపు కొట్టేది, వచ్చాక ఎంత కొడుతుంది అన్న రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి. బాగా నడిచే కేంద్రం వల్ల ఊరు మొత్తానికి కంపు తగ్గుతుంది, కాకపోతే మిగిలిన కాస్త కంపూ ఒక్క బస్తీ నెత్తిన పడుతుంది. ఆ బస్తీకి బదులుగా ఏమిస్తున్నారు? పైకప్పు వేసిన ట్యాంకులా, చెట్ల వరసా, కనీసం ఫోన్ ఎత్తే అధికారా?

లోపల పనిచేసేవాళ్ల గురించి ఎవరూ అడగరు. 2023 జులైలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర కరెంటు షాక్‌కు 16 మంది చనిపోయారు. నదిని కాపాడడానికి కట్టిన కేంద్రం అది. ఇక కేంద్రానికి మురుగు తెచ్చే పైపుల్లో, మ్యాన్‌హోళ్లలో పోయే ప్రాణాలు వేరు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. నష్టపరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే మనుషులు ఇంకా దిగుతున్నారని అర్థం. కొత్త కేంద్రం కోసం కొత్త పైపులైన్లు వేస్తున్నప్పుడు, అవి పూడుకుపోతే శుభ్రం చేసేది యంత్రమా, మనిషా? ఆ యంత్రం సందుల్లోకి పడుతుందా? ఈ ప్రశ్న నిర్మాణ అంచనాల్లోనే ఉండాలి. ప్రమాదం జరిగాక అడిగితే ఎవరికి లాభం?

ఇప్పుడు గోడ దాటి నీళ్ల వెంట పోదాం.

నీళ్లు ఎంత శుభ్రమయ్యాయో చెప్పడానికి బీఓడీ అనే కొలత వాడతారు. నీళ్లలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ లాగేసుకుంటాయో అది చెబుతుంది. అంకె ఎంత పెద్దదైతే నీళ్లు అంత మురికి. పచ్చి మురుగులో ఇది లీటరుకు 200 మిల్లీగ్రాములు, ఆ పైన కూడా ఉంటుంది. మెట్రో నగరాల కేంద్రాల నుంచి బయటికి వచ్చేటప్పుడు 20 దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో అంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇది చాలదు, 10 ఉండాలంది. నదిలో జనం స్నానం చెయ్యాలంటే 3 దాటకూడదు. కాబట్టి ‘శుద్ధి చేసిన నీరు’ అని బోర్డు కనపడితే ఏ అంకె దాకా శుద్ధి చేశారు, ఏ పనికి పనికొస్తుంది అని అడగండి. బీఓడీ తగ్గినంత మాత్రాన మలం నుంచి వచ్చే క్రిములు చావవు, దానికి వేరే దశ ఉంది. నత్రజని, ఫాస్ఫరస్ కూడా మిగులుతాయి. శుద్ధి నీరు చేరుతున్న చెరువులో గుర్రపు డెక్క ఆగకుండా పెరగడానికి ఒక కారణం అదే.

అంబర్‌పేటది ఇంకో కథ. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను అక్కడి ఉమ్మడి ప్లాంటులో శుద్ధి చేసి, సుమారు 18 కిలోమీటర్ల పైపులైన్‌తో నగరం మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో యాంటీబయాటిక్స్ చాలా ఎక్కువ మోతాదులో ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటిస్తే ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఇళ్ల మురుగు కోసం తయారుచేసిన కేంద్రానికి మందుల అవశేషాలను పూర్తిగా తీసేసే శక్తి ఉండదు. పటాన్‌చెరు పక్క ఊళ్ల వాగులకు ఆ నీళ్ల బెడద తగ్గించడం మంచిదే, కానీ ఆ బరువు అంబర్‌పేట దిగువన ఉన్న ఊళ్ల మీదికి జరిగింది. ఆ ఊళ్లను ఎవరు లెక్కలోకి తీసుకున్నారు?

దిగువ రైతుల సంగతి చాలా ఏళ్లు అధ్యయనం చేసింది అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ. దాని హైదరాబాద్ కార్యాలయం పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలోనే ఉండేది. పచ్చి మురుగుతో సేద్యం చేసేవాళ్ల కడుపులో కొంకి పురుగులు, ఏలిక పాములు ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఇంకో ఆశ్చర్యమైన సంగతీ బయటపడింది. కత్వల వెనక నీళ్లు నిలిచి, మలినం అడుగుకు దిగి, ఓ 40 కిలోమీటర్లు పోయేసరికి నదిలోని ఈ క్రిముల గుడ్లు, మురికి బాగా తగ్గిపోతున్నాయి. శుద్ధి కేంద్రాలు రాకముందు ఆ పనిలో కొంత భాగం మన పాత కత్వలే చేశాయన్నమాట. నీళ్లలోని ఉప్పు మాత్రం తగ్గదు, ఆ భారం నేలకు చేరుతుంది.

మరి నీళ్లు శుభ్రమైతే ఈ రైతులకు సంతోషమే కదా? సగం సంతోషమే. శుభ్రమైన నీటికి ధర వస్తుంది. సూరత్ 2014 నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని బట్టల మిల్లులకు అమ్ముతోంది. నాగపూర్ తన నీళ్లను కరెంటు ప్లాంటుకు ఇస్తోంది. ఇవి మంచి పనులే, ఆ మేరకు మంచినీళ్లు మిగులుతాయి. హైదరాబాద్ కూడా రేపు అదే దారి పడితే, మురికిగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని మూసీ నీళ్లు, శుభ్రం కాగానే ఫ్యాక్టరీలకు, అపార్టుమెంట్ల తోటలకు మళ్లిపోతాయి. అప్పుడు పారా గడ్డి కోసే ఆమెకు ఏం మిగులుతుంది? ఆమెకు పట్టా ఉండకపోవచ్చు, భూమి కౌలుది కావచ్చు. మురుగు మీద హక్కు అంటూ ఏ కాగితంలోనూ లేదు. సామాజిక ప్రభావ అధ్యయనం అంటే ముందు ఇలాంటి మనుషులను వెతికి పట్టుకోవడం. భూమి పోయినవాళ్ల జాబితా రాయడం తేలిక, నీళ్లు పోయేవాళ్ల జాబితా రాయడమే కష్టం.

కర్ణాటక నుంచి ఒక పాఠం ఉంది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి 440 ఎంఎల్‌డీ నీళ్లు కోలారు జిల్లా చెరువులకు పంపే పథకం 2018లో మొదలైంది. తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్న జిల్లా అది. నీళ్లు చేరిన కొద్ది వారాలకే ఒక చెరువులో నురగ కనపడింది. హైకోర్టు పంపింగ్ ఆపించింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. తర్వాత పథకం నడిచింది, ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పెరిగాయి. అయినా ఇంకో దశ శుద్ధి చెయ్యాలని రైతుల పోరు ఆగలేదు. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే కనిపిస్తుంది. కరవు జిల్లాకు నీళ్లు కావాలి, ఆ నీళ్లు బావుల్లోకి దిగుతాయి కాబట్టి నమ్మకం కూడా కావాలి. ఆ నమ్మకానికి పరీక్ష ఫలితాలను చెరువు కట్ట మీద నెలనెలా రాసిపెట్టడం ఒక దారి. ఖర్చు కూడా పెద్దగా లేదు.

మీ ఊళ్లో ఇలాంటి కేంద్రం వస్తోందంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతి పత్రం సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. అందులో బీఓడీ ఎంత రాశారు, బురదను ఎక్కడ పోస్తామన్నారు, కరెంటు పోయినప్పుడు పచ్చి మురుగు ఎటు వదులుతారు అన్న మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. సమావేశం పెడితే వెళ్లండి. అధికారులు వింటుంటే వాళ్లకు నాదొక విన్నపం. హైదరాబాద్ శుద్ధి కేంద్రం గురించి నగరంలో ఒక సమావేశం పెడితే, వలిగొండలో ఇంకొకటి పెట్టండి. పగలు వద్దు, గడ్డి కోతకు, నాట్లకు పోయినవాళ్లు రాలేరు. సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి. నివేదిక సారాంశం తెలుగులో, ఓ వారం ముందే పంచాయతీ ఆఫీసుకు పంపండి.

సెలవు. నమస్కారం.