పచ్చబొట్టును తుడిచేయకండి

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు పర్లాకిమిడిలో జరిగిన ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, స్టూడియోలు మూసుకుని మరీ వచ్చిన సోదరులకు, పాతపట్నం, కాశీబుగ్గల నుంచి బస్సెక్కి వచ్చిన కుర్రాళ్ళకు, వెనక నిలబడే వింటున్న అమ్మలకు నమస్కారం. 1839 ఆగస్టు 19న డాగెర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని ఫ్రాన్స్ లోకానికి వెల్లడించిన సంగతి అధ్యక్షులవారు చెప్పేశారు. నేను నేరుగా నాకిచ్చిన అంశంలోకి వస్తాను. తక్కువ వెలుతురులో తీసిన ఫోటోల్లో నాయిస్ తగ్గించడం.

చీకట్లో తీసిన ఫోటోని పెద్దది చేసి చూస్తే సన్నటి చుక్కలు, అక్కడక్కడా ఎరుపూ ఆకుపచ్చా మరకలు కనిపిస్తాయి కదా, అదీ నాయిస్. ఎందుకొస్తుంది? వాన మొదలయ్యేటప్పుడు వాకిట్లో ఒకే సైజు గిన్నెలు వరసగా పెట్టండి. ఒకదాంట్లో మూడు చినుకులు పడతాయి, పక్కదాంట్లో ఏడు. గంటసేపు కురిశాక చూస్తే అన్నిట్లోనూ నీళ్ళు దాదాపు సమానం. కెమెరాలో వెలుతురు పట్టుకునే సెన్సర్ మీద వెలుతురు పడేదీ అలాగే. సెన్సర్‌లో ఒక్కో గిన్నెలాంటి పిక్సెల్‌కి 100 ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, అందితే హెచ్చుతగ్గు 10 దాకా ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 అందితే హెచ్చుతగ్గు 100, నూటికి ఒకటే. అసలు కారణం వెలుతురు చాలకపోవడం. అందిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె ఐఎస్ఓ, దాని మీద నింద వేయకండి.

చాలామంది ఐఎస్ఓకి భయపడి 800 దగ్గరే ఆపేస్తారు. ఫోటో నల్లగా వస్తుంది. ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో వెలుగు పెంచుతారు, నీడల్లో దాగిన చెత్తంతా పైకొస్తుంది. 3200 పెట్టి సరిగ్గా ఎక్స్‌పోజ్ చేస్తే చాలా కెమెరాల్లో అంతకంటే శుభ్రమైన ఫోటో వస్తుంది. లెన్స్ మార్చగలిగితే ఇంకా మంచిది. ఈ లెన్స్ అంకె చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, పెద్దదవుతుంది; కెమెరాతో పాటు వచ్చే 3.5 లెన్స్ తీసి 50 ఎంఎం 1.8 పెడితే దాదాపు నాలుగు రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. ముందు వెలుతురు, తర్వాతే సాఫ్ట్‌వేర్.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. దీని గురించి చెప్పాలనే ఈ పిలుపుకి ఒప్పుకున్నాను.

మహేంద్రగిరి మీద శివరాత్రి జాగరణ మీలో చాలామందికి తెలుసు. 1,500 మీటర్ల కొండ, ఫిబ్రవరి చలి, మంటలు తప్ప వేరే దీపం లేదు. అక్కడ ఒక మంట పక్కన కూర్చున్న సవర తెగ ముసలమ్మని అడిగి ఫోటో తీశాను. సాగిన చెవితమ్మెల్లో కర్రబిళ్ళలు, నుదుటి మీదా గడ్డం మీదా పాత పచ్చబొట్టు. నాయిస్ ఉంది, ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ ఫోటో ఒక సంస్థవాళ్ళు కేలండర్‌కి తీసుకున్నారు. నన్ను అడగకుండా సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే మీట చివరిదాకా జరిపి అచ్చేశారు. ముఖం నున్నగా మైనంలా వచ్చింది. ముడతలు పోయాయి. పచ్చబొట్టు పూర్తిగా పోయింది. కేలండర్ చూసిన ఆవిడ మనుమరాలు 'బాబూ, ఇది ఎవరిది?' అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అడిగితే ఆ సంస్థవాళ్ళు 'క్లీన్ చేశాం కదండీ' అన్నారు. క్లీన్ చేశారట!

అమ్మా, అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరిది. సవరల దగ్గరే వాళ్ళ మాట నేర్చుకుని, 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ అచ్చు వేయించిన మనిషి. ఆయన తిరిగిన ఊళ్ళో ఒక సవర తల్లి ముఖం మీది గీతల్ని చెత్త అని తుడిచేస్తుంటే మనం ఊరుకుందామా?

ఆ పచ్చబొట్టే ఎందుకు పోయిందో కూడా చెబుతాను, మన పనికి అక్కరకొస్తుంది. మంట వెలుతురులో ఎరుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. తెలుపు తెల్లగా కనిపించేలా వైట్ బాలెన్స్ సరిచేసినప్పుడు కెమెరా ఆ కాస్త నీలాన్నే పెంచి చూపిస్తుంది, అందుకే అక్కడ నాయిస్ ఎక్కువ. ఏళ్ళు గడిచిన పచ్చబొట్టు వెలిసిపోయిన నీలి పచ్చ. మరకకీ ఆ గీతకీ తేడా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, రెండూ కలిపి తుడిచేస్తుంది. కాబట్టి మంట దగ్గర తీసిన ఫోటోలో ఆ ఎరుపుని కొంత అలాగే ఉంచండి, చర్మాన్ని తెల్లబరచాలని చూడకండి. రంగు నాయిస్‌ని కాస్త తగ్గించండి, అదీ ముఖాన్ని మాస్క్‌తో, అంటే ఆ మార్పు తాకకుండా కప్పి, పక్కన పెట్టి. నలుపు తెలుపు చుక్కల్ని చాలా వరకు వదిలేయండి. ప్రింట్‌లో అవి కంటికి ఆనవు, స్క్రీన్ మీద నూరు శాతానికి పెంచి చూస్తేనే టెన్షన్.

ఏఐతో నాయిస్ తీసేసే ఏఐ డీనాయిస్ సంగతి కుర్రాళ్ళు ఇందాకే అడిగారు. గుళ్ళకీ కొండలకీ వాడుకోండి. ముఖాల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇతర ఫోటోల్లో నేర్చుకున్న చర్మాన్ని తెచ్చి అక్కడ అతికిస్తుంది. అది ఆ మనిషి చర్మం కాదు.

కదలని వాటికి ఇంకో మంచి దారి ఉంది. కొండ మీద కుంతీ గుడి ముందు ట్రైపాడ్ పెట్టి ఒకే ఫ్రేమ్ 4 సార్లు తీసి కలిపితే నాయిస్ సగమవుతుంది. 16 కలిపితే పావు వంతు. గూగుల్ ఫోన్లలో 2018లో వచ్చిన, చీకట్లో ఫోటోలు తీసే నైట్ సైట్ కూడా ఇలా చాలా ఫ్రేములు కలిపేదే. డాన్సు చేసేవాళ్ళ మీద ఇది అంత బాగా పనిచేయదు, అక్కడ వెడల్పు అపెర్చరే గతి.

కేలండర్లు వేసేవాళ్ళు, పెళ్ళి ఆల్బమ్ డిజైనర్లు ఈ సభలోనే ఉన్నారు. మీకు ఒక్క మనవి. ఫోటో తీసినవాణ్ణి అడక్కుండా ముఖం మీద ఆ మీట కదపకండి. తీసేవాళ్ళు రా ఫైళ్ళు, అంటే కెమెరా తుడవకుండా ఇచ్చే అసలు ఫైళ్ళు, దాచుకోండి, మామూలు ఫోటో ఫైలైన జేపెగ్ ఒక్కటే తీస్తే కెమెరా ముందే తుడిచేసి ఇస్తుంది. నా దగ్గర రా ఫైలు ఉంది కాబట్టే ఆ పిల్లకి వాళ్ళ నాయనమ్మ ఫోటో మళ్ళీ ప్రింట్ చేసి ఇవ్వగలిగాను.

కెమెరాలు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి. హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్ మెనూలో ఎక్కడుందో, ఎలా తగ్గించాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను.