నాలుగు రోజులు, 21 ల్యాపులు

శ్రోతలందరికీ నమస్కారం.

2013 అక్టోబరు 27. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఇండియన్ గ్రాండ్ ప్రి అనే ఫార్ములా వన్ కార్ల రేసు ముగిసింది. గెలిచిన సెబాస్టియన్ వెటెల్ కారును తిన్నగా లోపలికి తీసుకెళ్లలేదు. మెయిన్ స్టాండ్ ఎదుటే ఆపి, ఉన్నచోటే గిర్రున తిప్పి, టైర్ల నుంచి పొగలు లేపాడు. తర్వాత కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, కారుకు రెండు చేతులూ చాచి దండం పెట్టాడు. రూలు ప్రకారం అలా చేయకూడదు కాబట్టి జట్టుకు 25,000 యూరోల జరిమానా పడింది. ఆ రోజు దాన్ని ఎవరు పట్టించుకున్నారు? వెటెల్‌కీ, అతని జట్టు రెడ్ బుల్‌కీ అది వరుసగా నాలుగో ప్రపంచ టైటిల్. మన దేశంలో ఫార్ములా వన్ రేసు జరిగింది మూడేళ్లే, ఆ మూడూ వెటెలే గెలిచాడు. ఆ సీజన్‌లో మొత్తం 19 రేసులుంటే 13 అతనివే. చివరి తొమ్మిదీ వరుసపెట్టి గెలిచాడు.

ఆ తొమ్మిదోది నవంబరు 24న బ్రెజిల్‌లో. రెండు నెలలు గడిచాయి. 2014 జనవరి 28న దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ ట్రాక్ మీద కొత్త కార్ల టెస్టింగ్ మొదలైంది. నాలుగు రోజుల పాటు జరిగింది. ఆ నాలుగు రోజుల్లో రెడ్ బుల్ కారు తిరిగిన ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ వేసిన చుట్లు, 21. మొదటి రోజు వెటెల్ మూడు, రెండో రోజు ఎనిమిది. మూడో రోజు కొత్తగా జట్టులో చేరిన డేనియల్ రికార్డో మూడు, చివరి రోజు ఏడు. అంతా కలిపితే సుమారు 93 కిలోమీటర్లు. అసలు రేసు అంటేనే 300 కిలోమీటర్ల పైచిలుకు. అందులో మూడో వంతు కూడా రాలేదన్నమాట. అదే నాలుగు రోజుల్లో మెర్సిడెస్ 309 ల్యాపులు తిరిగింది.

టెస్టింగ్ గురించి తెలియనివారి కోసం ఒక్క మాట చెప్తాను. సీజన్ మొదలయ్యే ముందు జట్లన్నీ ఒకచోట చేరి కొత్త కారును నడిపి చూసుకుంటాయి. అక్కడ పాయింట్లు లేవు, కప్పులు లేవు. ఎవరు ఎంత పెట్రోలు పోసుకుని తిరుగుతున్నారో బయటివారికి తెలియదు. పది కిలోల పెట్రోలు ఎక్కువుంటే ల్యాపుకు దాదాపు 0.3 సెకన్లు పోతాయి. అందుకే టైమింగ్ పట్టికలో పైనున్నవాడు నిజంగా ముందున్నాడని గానీ, కిందున్నవాడు వెనకబడ్డాడని గానీ అనుకోవడానికి లేదు. పెద్ద జట్లు కావాలనే వేగం దాచుకుంటాయనే మాటా ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ నా ఉద్దేశంలో, ఆ పట్టికలో దాచడానికి వీల్లేని గడి ఒకటి ఉంది. అది ల్యాపుల సంఖ్య. వేగం దాచుకునే జట్టు నెమ్మదిగానైనా తిరుగుతూనే ఉంటుంది. అసలు గ్యారేజీలోంచి బయటికే రాలేని జట్టు నటించడం లేదు.

మరి రెడ్ బుల్‌కు ఏమైంది?

2014లో ఇంజిన్ల రూల్స్ మొత్తం మారిపోయాయి. అప్పటిదాకా ఉన్న 2.4 లీటర్ల వి8 ఇంజిన్ పోయి, 1.6 లీటర్ల వి6 టర్బో వచ్చింది. టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని ఒత్తే యంత్రం. దానికి తోడు రెండు ఎలక్ట్రిక్ యంత్రాలు. ఒకటి బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాస్తుంది. రెండోది టర్బో తిరుగుడు నుంచి, అంటే ఎగ్జాస్ట్‌లో వృథాగా పోయే వేడి నుంచి, కరెంటు పుట్టిస్తుంది. పాత కార్లలోనూ బ్రేకు శక్తిని దాచే చిన్న ఏర్పాటు ఉండేది, కానీ ల్యాపులో ఏడు సెకన్లు కూడా పనిచేసేది కాదు. అది చెడిపోయినా కారు రేసు పూర్తి చేయగలిగేది. కొత్త దానిలో ఆ శక్తి రెట్టింపైంది, ల్యాపుకు 33 సెకన్ల దాకా వాడుకోవచ్చు. రేసు మొత్తానికి 100 కిలోల పెట్రోలే ఇస్తారు కాబట్టి ఈ కరెంటు లేకుండా పోటీలో నిలవడం కుదరదు. ఇంజిన్, టర్బో, బ్యాటరీ, రెండు మోటార్లు, వాటన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఎక్కడ తేడా వచ్చినా మొత్తం ఆగిపోతుంది.

రెడ్ బుల్‌కు ఇంజిన్ ఇచ్చేది ఫ్రాన్స్‌కు చెందిన రెనో. నాలుగు టైటిళ్లూ రెనో ఇంజిన్‌తోనే వచ్చాయి. హెరెస్‌లో ముందు బ్యాటరీ విభాగంలో లోపం బయటపడింది. దాన్ని సర్దుకునేసరికి టర్బోను అదుపు చేసే వ్యవస్థ మొరాయించింది. ఫ్యాక్టరీలో టెస్ట్ బెంచ్ మీద నడిచిన తీరుకూ, కారులో బిగించాక నడిచిన తీరుకూ ఇంత తేడా ఉంటుందని తాము ఊహించలేదని రెనో ఇంజినీర్లే బయటికి చెప్పారు. రెనో ఇంజిన్ వాడే టోరో రోస్సో, కేటర్‌హామ్ జట్లకూ తిప్పలు తప్పలేదు. ఆ టోరో రోస్సో డ్రైవర్లలో జ్యాఁ-ఎరిక్ వెర్న్ ఒకడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ కార్ల రేసులో గెలిచింది అతనే. హైదరాబాదులో ఆ రేసు చూసినవారికి గుర్తుండే ఉంటాడు.

అయితే తప్పంతా ఇంజిన్‌దే అంటే న్యాయం కాదు. రెడ్ బుల్ కారును గీసింది ఏడ్రియన్ న్యూవీ. గాలిని లొంగదీసుకోవడంలో అతన్ని మించినవారు లేరని పేరు. కారు వెనక భాగం ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని అతని పట్టుదల. గాలి సాఫీగా జారిపోతుంది, కారు రోడ్డుకు అతుక్కుంటుంది. వి8 ఉన్నన్నాళ్లూ ఆ బిగింపే వారిని గెలిపించింది. ఇప్పుడు లోపల టర్బో వచ్చింది, వేడి పెరిగింది, చల్లబరచడానికి పెద్ద రేడియేటర్లు కావలసి వచ్చాయి. అయినా బిగింపు తగ్గలేదు. కుట్టు విప్పుకోవడానికి లోపల అంగుళం బట్ట కూడా వదలకుండా కుట్టిన జాకెట్టులా ఉంది ఆ కారు. ఎగ్జాస్ట్ గొట్టాన్ని ఆనుకున్న బాడీ వేడికి మాడిపోయింది. ఇంజిన్ సమస్య అందరిదీ గానీ ఈ మాడిపోవడం మాత్రం తమ డిజైన్ తెచ్చిపెట్టిందేనని న్యూవీ తర్వాత ఒప్పుకున్నాడు. అంత పేరున్నవాడు ఆ మాట దాచకుండా చెప్పడం నాకు గొప్పగా అనిపించింది.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడారు. పాత రెడ్ బుల్ కార్లు ఎగ్జాస్ట్ గాలిని కారు అడుగు భాగం వైపు మళ్లించి, దానితో అదనపు పట్టు తెచ్చుకునేవి. ఆ పట్టును వాడుకోవడంలో వెటెల్ దిట్ట. కొత్త రూల్స్ ఎగ్జాస్ట్‌ను కారు మధ్యలో వెనక్కి ఒకే గొట్టంగా పెట్టమన్నాయి. ఆ విద్యకు అక్కడితో తెరపడింది.

ఇదంతా జరుగుతుంటే గ్యారేజీలో ఏముంటుందో ఒకసారి ఊహించండి. బయటి కెమెరాలకు కనబడకుండా తెరలు అడ్డుపెట్టారు. కారు బయటికి వెళ్తుంది, రెండు మూడు ల్యాపులకే ఆగిపోతుంది, ట్రక్కు మీద వెనక్కి వస్తుంది. మళ్లీ బాడీ విప్పాలి. ఈ ఇంజిన్లలో హై వోల్టేజ్ కరెంటు ఉంటుంది కాబట్టి పాత రోజుల్లోలా చటుక్కున చేయి పెట్టడానికి లేదు. సురక్షితమని లైటు వెలిగేదాకా ఆగాలి, ప్రత్యేకమైన గ్లవ్స్ వేసుకోవాలి. విప్పడానికి గంటలు, బిగించడానికి గంటలు. రెండు నెలల క్రితం ప్రపంచాన్ని గెలిచిన మెకానిక్‌లు వీళ్లే. మైక్ ముందు సమాధానం చెప్పేది డ్రైవరూ మేనేజరూ గానీ, రాత్రంతా మేలుకుని పనిచేసేది వీళ్లు. వీళ్ల గురించి ఎవరూ తగినంత చెప్పలేదన్నది నా బాధ.

అదే సమయంలో మెర్సిడెస్ ఏం చేసింది? మొదటి రోజు అందరికంటే ముందు ట్రాక్ మీదికి వచ్చింది వాళ్లే. ముందు రెక్క ఊడిపోయి లూయిస్ హామిల్టన్ కారు గోడను గుద్దుకుంది కూడా. కానీ మర్నాటి నుంచి ఆగకుండా తిరిగారు. వాళ్లు టర్బోను రెండు ముక్కలు చేశారు. గాలిని ఒత్తే భాగం ఇంజిన్ ముందు, ఎగ్జాస్ట్‌తో తిరిగే వేడి భాగం వెనక పెట్టి, మధ్యలో పొడవాటి ఇరుసుతో కలిపారు. వేడి ఒకవైపు, చల్లదనం ఒకవైపు. ఇంజిన్ విభాగమూ కారు విభాగమూ ఇంగ్లండులోనే దగ్గర దగ్గర ఊళ్లలో ఉండి, మొదటి నుంచీ కలిసి పనిచేశాయి. రెడ్ బుల్ ఉన్నది ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో, దాని ఇంజిన్ తయారైంది పారిస్ దగ్గర విరీ-షాటియాన్‌లో.

తర్వాత బహ్రెయిన్‌లో ఎనిమిది రోజుల టెస్టింగ్ జరిగింది. ల్యాపులు పెరిగాయి గానీ కష్టాలు తీరలేదు. మార్చి 16న మెల్‌బోర్న్‌లో తొలి రేసు. వెటెల్ మొదట్లోనే ఆగిపోయాడు. రికార్డో మాత్రం సొంత గడ్డ మీద రెండో స్థానంలో వచ్చాడు. హెరెస్ చూసినవారికి అది నమ్మలేని సంగతి. ఆ సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు. ఇంజిన్‌కు పెట్రోలు గంటకు 100 కిలోల వేగ పరిమితిని మించి అందిందని అతన్ని ఫలితాల నుంచి తీసేశారు. జట్టు అప్పీలు చేసినా లాభం లేకపోయింది.

అయినా వాళ్లు కుంగిపోలేదు. జూన్‌లో కెనడాలో, మెర్సిడెస్ కార్లు రెండింటికీ కరెంటు వ్యవస్థ దెబ్బతిన్న రోజున, రేసు అయిపోవడానికి రెండు మూడు ల్యాపులుందనగా రికార్డో ముందుకు దూసుకెళ్లి గెలిచాడు. అతనికి ఫార్ములా వన్‌లో అదే తొలి గెలుపు. తర్వాత హంగరీ, బెల్జియంలోనూ గెలిచాడు. జనవరిలో వంద కిలోమీటర్లు కూడా తిరగలేకపోయిన కారు ఏడాది చివరికి జట్ల పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. నా దృష్టిలో ఇది వాళ్ల నాలుగు టైటిళ్లలో ఏ ఒక్కదానికీ తీసిపోదు. కానీ మెర్సిడెస్‌కు 701 పాయింట్లు, రెడ్ బుల్‌కు 405. 19 రేసుల్లో 16 మెర్సిడెస్‌వే. వెటెల్ ఆ ఏడాది ఒక్కటీ గెలవలేదు. సీజన్ అయ్యాక ఫెరారీకి వెళ్లిపోయాడు.

మెర్సిడెస్ 2014 నుంచి 2021 దాకా వరుసగా ఎనిమిది జట్టు టైటిళ్లు కొట్టింది. 2022లో రూల్స్ మళ్లీ మారాయి, టెస్టింగ్‌లో ఈసారి తడబడింది మెర్సిడెస్. తిన్నని రోడ్డు మీద వేగం అందుకోగానే కారు పైకీ కిందికీ ఎగిరెగిరి పడింది. చాలామంది దాన్ని నటన అన్నారు. ఆ ఏడాది మెర్సిడెస్ ఒకే ఒక్క రేసు గెలిచింది, నవంబరులో బ్రెజిల్‌లో, జార్జ్ రసెల్ చేతుల మీదుగా. జట్టు టైటిల్ తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ రెడ్ బుల్‌కు వెళ్లింది. అప్పటికి వాళ్లు రెనోను వదిలేసి హోండా ఇంజిన్‌కు మారారు. అంతేకాదు, ఇంజిన్ కోసం మరొకరి మీద ఆధారపడకూడదనుకుని మిల్టన్ కీన్స్‌లో తమ ఆవరణలోనే సొంత ఇంజిన్ విభాగం పెట్టుకున్నారు. 2026 రూల్స్ కోసం ఫోర్డ్‌తో కలిసి ఇంజిన్ తయారీకి దిగింది ఆ విభాగమే.

సెలవు. నమస్కారం.