ప్రేక్షకులను లేపి ఆడించిన తీమార్

సభకు నమస్కారం.

నేను మాట్లాడబోయేది హంగరీ జానపద నర్తకుడు తీమార్ షాందోర్ గురించి. తీమార్ అనేది ఇంటిపేరు. హంగరీవారు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. 1930లో సోల్నోక్ పట్టణంలో పుట్టిన ఈయన నర్తకుడు, గురువు, ఒక పెద్ద ప్రభుత్వ కళాబృందానికి సారథి. ఈ మూడు పాత్రల్లోనూ ఆయన పట్టుకున్న ప్రశ్న ఒకటే అని నాకు అనిపిస్తుంది: పల్లెలో ఎవరికి తోచినట్టు వారు ఆడే ఆటను పట్నంలో ఎందుకు బట్టీ పట్టాలి?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. రాబాయి మిక్లోష్ నాయకత్వంలో 1951లో రంగం మీదికి వచ్చిన ప్రభుత్వ జానపద బృందానికి సోవియట్ మొయిసేయెవ్ జానపద నాట్య బృందం ఆదర్శం. పదుల మంది ఒక్కసారిగా కాలు లేపి ఒక్కసారిగా దించేవారు. కన్నుల పండుగే, కాదనను. కానీ నేటి రొమేనియాలో హంగరీవారూ ఉండే ట్రాన్సిల్వేనియా పల్లెల్లో మగవాళ్లు బూట్లను అరచేత్తో చరుస్తూ ఆడే 'లెగేనేష్' చూడండి, ఏ ఇద్దరి ఆటా ఒకలా ఉండదు. మార్టిన్ ద్యోర్ద్ అనే పరిశోధకుడు ఇలాంటి ఆటలను ఫిల్ముపైకి ఎక్కించి, చిన్న చిన్న కదలికలుగా విడదీసి, అవి ఎలా కలుస్తాయో తేల్చారు.

ఆ పరిశోధనను అభ్యాసశాలలోకి తెచ్చింది తీమార్. తాను నడిపిన బార్తోక్ బృందంలో ముందు కదలికలు నేర్పి, ఆ తర్వాత వాటిని సంగీతానికి తగ్గట్టు అప్పటికప్పుడు కూర్చుకోమనేవారు. బిడ్డ మాతృభాష నేర్చినట్టే నాట్యం రావాలన్నది ఆయన పద్ధతికి మూలం.

1972 మే 6న బుడాపెస్ట్‌లో నాలుగు నాట్య బృందాలు కలిసి తొలి 'తాంత్స్‌హాజ్' జరిపాయి. తాంత్స్‌హాజ్ అంటే నాట్యగృహం. ట్రాన్సిల్వేనియాలోని సేక్ గ్రామంలో యువతీయువకులు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, వాయిద్యగాళ్లను పెట్టుకుని ఆడేవారు, నమూనా అదే. షెబో ఫెరెన్స్, హల్మోష్ బేలా వాయించారు. మొదట అది నర్తకుల సొంత వేడుక. తీమార్, మార్టిన్ తలుపులు తెరిపించే పక్షం వహించారు: ఎవరైనా రావచ్చు, ఆట తెలియనివారికి అక్కడే నేర్పుతారు. కాసేపు అడుగులు చూపి, తర్వాత వయోలిన్, మూడు తీగల వయోలా, బాస్ మోగుతుండగా జంటలను వారి మానాన వదిలేసేవారు. నా దృష్టిలో ఆయన జీవితంలో ఇదే పెద్ద పని. ప్రేక్షకుడన్న వాడే లేని కళా కార్యక్రమం నడపడం నిర్వాహకుడికి ఎంత కష్టమో ఇక్కడున్న నిర్వాహకులకు చెప్పనక్కరలేదు.

1981లో అదే ప్రభుత్వ బృందం పగ్గాలు ఆయన చేతికే వచ్చాయి. 1996 దాకా ఆయనే కళా సారథి. పల్లె ఆటను దాదాపు ఉన్నదున్నట్టుగా, ఆశువుకు చోటిస్తూ వేదికకెక్కించారు. అయితే టిక్కెట్టు కొన్నవాడు వరసను, ముగింపును ఆశిస్తాడు. ఆశువు ఆ రెంటికీ లొంగదు. ఆ పేచీ పూర్తిగా తీరిందని నేను అనుకోను. తీరాలని పట్టుబట్టే విమర్శకులతోనూ ఏకీభవించను.

1993లో భార్యతో కలిసి 'చిల్లగ్‌సెము' అనే పిల్లల బృందం స్థాపించారు. 2011లో యునెస్కో తాంత్స్‌హాజ్ పద్ధతిని సాంస్కృతిక వారసత్వ పరిరక్షణలో ఉత్తమ విధానాల పట్టికలో చేర్చింది. అంటే గుర్తింపు దక్కింది ఫలానా నాట్యానికి కాదు, దాన్ని నేర్పే తీరుకు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.