చవక పిస్టల్‌ను నమ్మాలంటే: ముందు పరీక్ష, తర్వాతే మార్పులు

నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ పిస్టల్ ఖాళీది. మ్యాగజీన్ (తూటాలు నింపే పెట్టె) తీశాను, ఛాంబర్‌ను (గొట్టం వెనక తూటా కూర్చునే చోటును) కంటితో చూశాను, చిటికెన వేలు పెట్టి కూడా చూశాను. ఈ గదిలో అసలు తూటా ఒక్కటీ లేదు. మీరూ పిస్టల్ విప్పే ముందు తూటాలను వేరే గదిలో పెట్టి రండి.

బెంగళూరులో లైసెన్సు ఉన్న మన తెలుగువాళ్లు పిస్టల్ చేతికి రాగానే అడిగే ప్రశ్న, "ఇందులో ఏమేం మార్పించాలండీ?" ఇప్పుడే ఏమీ వద్దు. ముందు కాల్చి చూడండి. ఏ భాగం మొరాయిస్తుందో తేలాక ఆ ఒక్కదాన్నే మార్పిద్దాం. 9 ఎంఎం నిషేధిత బోర్ (మామూలు లైసెన్సుకు దొరకని గొట్టం కొలత) కాబట్టి మనలో చాలామంది చేతిలో ఉండేది పాయింట్ 32. మన దేశంలో చవక పిస్టల్ అన్నది కూడా నిజానికి చవక కాదు. దాని మీద ఇంకా డబ్బు పోసే ముందు కాస్త ఆగుదాం.

కొత్త పిస్టల్‌కు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో చిక్కటి గ్రీజు పూస్తారు. దాన్ని పూర్తిగా తుడిచి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) జారే గాడుల్లో పలుచగా నూనె రాయండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

అమెరికా వీడియోలలో వందల తూటాలు కాల్చాకే నమ్మమంటారు. మన లైసెన్సులో ఒకసారికి ఎన్ని కొనవచ్చో, ఏడాదికి ఎన్నో రాసి ఉంటుంది. అందుకే రేంజ్‌లో కాల్చే ప్రతి తూటా మనకు ఏదో ఒకటి చెప్పాలి. మ్యాగజీన్ల అడుగున మార్కర్‌తో 1, 2 అని రాయండి. పిస్టల్ ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజీన్, ఎన్నో తూటా, ఏ కంపెనీ తూటా అన్నది చీటీ మీద రాసుకోండి. ఒకటో నంబరుతోనే ఆగుతుంటే తప్పు పిస్టల్‌ది కాదు, మ్యాగజీన్‌ది. దాని పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగి ఉండవచ్చు, స్ప్రింగ్ బలం తగ్గి ఉండవచ్చు. రెండింటితోనూ ఆగితే అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్‌ను (పేలిన తూటా ఖాళీ తొడుగును ఛాంబర్ నుంచి లాగే కొక్కేన్ని), రికాయిల్ స్ప్రింగ్‌ను (వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసేదాన్ని), తూటాలను అనుమానించాలి.

మన పాయింట్ 32 పిస్టల్‌లో వాడే తూటా పేరు పాయింట్ 32 ఏసీపీ. దీనికి ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది. జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన ఈ తూటాకు అడుగున చిన్న అంచు ఉంటుంది. మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకపడితే రెండూ లంకె పడతాయి. ఇక స్లైడ్‌ను ఎంత లాగినా తూటా కదలదు, మ్యాగజీన్ తీసి సరిచేయాల్సిందే. పొట్టిగా ఉండే హాలో పాయింట్ (ముక్కున గుంట ఉన్న) తూటాలకు లోపల ముందుకూ వెనక్కూ జరిగే చోటు ఎక్కువ కాబట్టి ఈ బెడద వాటితోనే ఎక్కువ. అందుకే తూటాల పెట్టె మీది బొమ్మ చూసి మురిసిపోకుండా, పూర్తి పొడవున్న, బుల్లెట్ అంతా లోహపు పూతతో కప్పి ఉన్న మామూలు తూటాతో మొదలుపెట్టమంటాను. నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కింది తూటా అంచుకు ముందే ఉందో లేదో చూసుకోండి.

రేంజ్‌లో రెండు చేతులతో కాల్చాక, కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో కొన్ని కాల్చండి. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ తొడుగు అది బయటికి పడే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. ఆపదలో పట్టు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. శబ్దం ఎప్పటికన్నా నీరసంగా వస్తే మాత్రం రెండో తూటా కాల్చనే వద్దు. బుల్లెట్ గొట్టంలోనే ఆగి ఉండవచ్చు. పిస్టల్ ఖాళీ చేసి రేంజ్ అధికారికి చూపించండి.

ఇక మార్పులు. మ్యాగజీన్, స్ప్రింగ్ తయారీదారువే తీసుకోండి. ముందు సైట్ (గురి చూసే ముందరి ముల్లు) మీద చిన్న తెల్లచుక్క పెట్టుకుంటే మసక వెలుతురులో మేలు. అంతకుమించి ఇంట్లో చేయవద్దు. ఫీడ్ ర్యాంప్‌ను (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలును) గరుకు కాగితంతో రుద్దడం, ట్రిగ్గర్ తేలిక చేయడం చూడటానికి సులువు, కానీ ట్రిగ్గర్‌ను అలా కదిపితే పిస్టల్ కింద పడినప్పుడు తానే పేలే ప్రమాదం ఉంది. పైగా ఆయుధాల మరమ్మతును 1959 నాటి ఆయుధాల చట్టం అందుకు లైసెన్సున్నవారికే పరిమితం చేసింది. లైసెన్సున్న దుకాణానికి మీ చీటీ తీసుకువెళ్లండి. "బాగోలేదు" అనడం కన్నా "రెండు మ్యాగజీన్లతోనూ ఖాళీ తొడుగు బయటికి రావడం లేదు" అంటే పని తొందరగా అవుతుంది.

ఎన్నికలప్పుడు పిస్టల్‌ను పోలీసులకు అప్పగించి ఉంటే, తిరిగి తెచ్చుకున్నాక విప్పి తుప్పు చూడండి, నూనె రాయండి, తర్వాత రేంజ్‌లో రెండు మ్యాగజీన్ల నుంచీ నాలుగైదు తూటాలు కాల్చండి. స్ప్రింగ్ మార్పించినా అదే పద్ధతి.